సందెపురుగుకు సద్ది

మూడు వారాల కిందట ఒక సాయంత్రం మా తమ్ముడి కోడలు సుజాత ఒక పాత చెప్పు చేత పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. రాయచూరులో మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. కింద నేనూ నా పుస్తకాలూ, పైన తమ్ముడి కుటుంబం, ఆ పైన మేడ మీద సుజాత పెంచే తోట. ఆ తోటలో సొరతీగ పందిరంతా అల్లుకుంది కానీ పిందె వేలెడు కాకముందే పసుపుపచ్చగా మారి రాలిపోతోందట. చూసినవాళ్ళంతా దిష్టి తగిలిందన్నారట, పాత చెప్పు కట్టమన్నారట. దిష్టి మీద, వాస్తు మీద, తాయెత్తుల మీద వ్యాసాలు రాసి రాసి సగం బంధువర్గంతో మాటలు పోగొట్టుకున్న మనిషిని నేను. నేనుండే ఇంటి మేడ మీదే చెప్పు కట్టడానికి ఆ పిల్లకు ధైర్యం చాలలేదు.

"పెద్దత్తా, ఒక్క వారం కట్టి చూస్త. కాయకుంటే తీసేస్త. నువ్వు పైకి రాకు, అంతే" అంది.

"నేను చూడకపోతే అది లేనట్టేనా?" అన్నాను.

"నీ మటుకు లేనట్టే గదా."

నేను కోప్పడవలసిన చోటు అది. సుజాత కూడా తిట్లకు సిద్ధపడే వచ్చింది. కానీ ఆ అరిగిన తోలు చెప్పు, దాన్ని బొటనవేలి ఉంగరం పట్టుకుని ఆ పిల్ల వేలాడదీసిన తీరు చూసి నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా అలాంటి చెప్పే మా అవ్వ పందిరికి ఏళ్ళ తరబడి వేలాడింది. దాన్ని పీకి పారేసిన ఘనత నాది. దాంతోపాటు నేను పీకినవి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి సంగతి ఇంతకాలం ఏ వ్యాసంలోనూ రాయలేదు. ప్రత్యర్థులకు పనికొస్తుందని భయం. ఇప్పుడు వాళ్ళలో చాలామంది లేరు, మిగిలినవాళ్ళకు చదవడానికి కళ్ళు లేవు, కనుక రాస్తున్నాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. మా ఊరు రాయచూరు దగ్గరి కల్మలకు నడిచిపోయేంత దూరంలో ఉంది. ఊళ్ళో తెలుగు మాట్లాడే చిన్న రైతుల ఇళ్ళు కొన్ని, కన్నడం మాట్లాడేవి అంతకు మూడింతలు. అవ్వ తెల్లారి లేస్తే ఎదురింటావిడతో కన్నడంలో పోట్లాడి, గాజులమ్మే అతనితో ఉర్దూలో బేరమాడి, మాతో తెలుగులో తిట్లు పూర్తిచేసేది. ఇంట్లో పొద్దున మొదట వినబడేది జొన్న రొట్టెలు కొట్టే చప్పుడు, మొదట తగిలేది పత్తికట్టె పొగ వాసన. ఆ చప్పుడు మా అమ్మది, ఆ పొగ మా చిన్నమ్మది. అవ్వ అప్పటికే పెరట్లో ఉండేది. నోట్లో ఏమీ వేసుకోకుండా, చెంబెడు నీళ్ళతో మొహం కడుక్కుని, ఆ కడిగిన నీళ్ళే ఏదో ఒక మొక్క మొదట్లో పడేలా నిలబడి, చెట్టు చెట్టునూ పలకరించి వచ్చేది. ఆమె చీర చెంగు ఎప్పుడూ తులసి, ధనియాలు, నశ్యం కలిసిన వాసన వేసేది. ఆ మూడూ కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నేను వెనక్కి తిరిగి చూస్తాను.

తాత పోయాక పొలం కొడుకులదైంది. ఇల్లూ వాళ్ళదే, ఎద్దులూ వాళ్ళవే. కడియాలు కూతుళ్ళకు పోయాయి. అవ్వకంటూ మిగిలింది ఒక సొర విత్తనం. పెళ్ళయి వచ్చినప్పుడు చీర చెంగున ముడివేసుకుని తెచ్చిన విత్తనమట. కాయకు సన్నటి పొడవాటి మెడ, కింద కుండలాంటి పొట్ట. లేతగా కోసి శనగపప్పు వేసి వండితే పీచు అన్నది తగలదు. ముదరనిచ్చి ఎండబెడితే పొలానికి నీళ్ళు మోసే బుర్ర అవుతుంది. గబ్బూరు నుంచి కూడా వచ్చి అడిగేవారు. అవ్వ ఎవరికైనా ఐదు గింజలే ఇచ్చేది, కాసిన తర్వాత ఐదు గింజలు తిరిగి తెచ్చివ్వాలన్నది షరతు. అయితే ఆ మధ్య తిరిగి వచ్చినవి ఇచ్చినట్టు ఉండేవి కావు. సంతలో దొరికే పొట్టి సొర పక్కన పెరిగి, రెండూ కలిసిపోయి, మెడ పోయి పొట్ట మిగిలేది. అసలు విత్తనం అవ్వ దగ్గరే, పొయ్యి మీది దూలానికి వేలాడే బుర్రలో ఉండేది. నేను చెబుతున్న ఏడాది ఆ బుర్రకు పురుగు పట్టింది. విదిలిస్తే ఏడు గింజలు రాలాయి. ఏడూ నాటితే నాలుగు మొలిచాయి. ఆ నాలుగు తీగలు కాస్తే అవ్వ విత్తనం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

పెరట్లో సొరపందిరి ఒక్కటే కాదు, దాని చుట్టూ నాకు అప్పట్లో బొత్తిగా అర్థం కాని ఒక పూల గుంపు ఉండేది. కోట కట్టని తులసి, వరసగా పదీ పదిహేను మొక్కలు. బంతి. ధనియాల మడి సగం కూరకు కోసి సగం పూతకు వదిలేసేది. గట్టు మీద నాలుగు నువ్వు మొక్కలు. పందిరి గుంజల మొదట్లో చంద్రకాంత, గులాబీ రంగుదీ పసుపుదీ కలిసిపోయి. ఎవరింటికి పోయినా అవ్వ ఇచ్చిన నీళ్ళు తాగి నేరుగా వాళ్ళ పెరట్లోకి పోయేది. పూసిన ప్రతి మొక్క ముందూ కాసేపు ఊరికే నిలబడేది. తర్వాత ఒకటి వేలితో చూపించి "దీని ఇత్తులు నాకు గావాలె" అనేది. పొలాలకు కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి వచ్చి క్యాంపు వేసుకున్న రైతుల్లో ఒకావిడ ముచ్చటపడి అవ్వకు ముద్దబంతి నారు ఇచ్చింది. పిడికిలంత పూలు పూశాయి. ఊరంతా వచ్చి చూసింది. అవ్వ రెండు రోజులు దాని ముందు కూర్చుని, మూడో రోజు పీకి మేకకు వేసింది. "చూడనీకి మస్తుంది. లోపల ఏమున్నది దీంట్ల, అంతా రేకులే. ఈగ గూడ వాలలే" అంది. మళ్ళీ తన ఒంటిరేకు బంతే నాటుకుంది. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

నేనప్పుడు రాయచూరులో మేనమామ ఇంట్లో ఉండి మెట్రిక్ రాసి, ఫలితాల కోసం ఊరికి వచ్చి కూర్చున్నాను. రాయచూరులో ఆదివారాలు ఒక బియ్యం దుకాణం పైగదిలో మా చర్చా సంఘం కూడేది. పదిహేనుమంది మగపిల్లల మధ్య మేం ఇద్దరం ఆడపిల్లలం. తాళి దండగ అని ఒక వారం, జాతకాలు దండగ అని ఒక వారం, వితంతువులకు పూలూ బొట్టూ ఎందుకు కూడదని ఒక వారం వాదించుకునేవాళ్ళం. ఆ మూడో దాని మీద నేను మాట్లాడితే కింద బియ్యం కొనేవాళ్ళు కూడా ఆగి విన్నారని నాకు గర్వం. ఏ వస్తువునైనా రెండే ప్రశ్నలు అడగాలని మా సూత్రం: ఇది పూజకా, ఉపయోగానికా? పూజకైతే పోవాలి. రెండింటికీ కాకపోతే మరీ ముందు పోవాలి.

ఆ వానాకాలంలో గబ్బూరులో మా మేనత్తకు కాన్పు దగ్గరపడింది. అవ్వ మూట కట్టుకుని బయలుదేరుతూ తీగల దగ్గరికి నన్ను పిలిచింది.

"నెల దినాలు రాను. నీ అమ్మకు రొట్టెల పని, నీ చిన్నమ్మకు పిల్లల పని. నీకేం పని లేదు, సదువుకున్నవ్. నాలుగు తీగలు పైలం."

"నువ్వొచ్చేసరికి గంపెడు కాయిస్త చూడు" అన్నాను.

"గంపెడు వద్దు బిడ్డా. ఒక్కటి చాలు, ఇత్తనానికి."

అవ్వ బండి మలుపు తిరిగిందో లేదో నేను కొడవలి అందుకున్నాను. ముందు పందిరికి వేలాడే చెప్పు తెంపి పెంటమీదికి విసిరాను. తర్వాత తులసి, అది పూజకు. బంతి కూడా పూజకే, గుమ్మాలకే. ధనియాలు ముదిరిపోయాయి, దేనికీ పనికిరావు. చంద్రకాంతను ఎవరూ పూజించరు, ఎవరూ తినరు, అన్నిటికంటే పెద్ద నేరం దానిది, మొదలంటా కోసేశాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి చెంపలు వేసుకుంది. "తులసమ్మను పీకుతున్నవా, కళ్ళు పోతై" అంది. నా కళ్ళు బాగానే ఉన్నాయని రోజూ పొద్దున గోడ దగ్గరికి పోయి ఆమెకు చూపించి వచ్చేదాన్ని. ఖాళీ అయిన చోటల్లా ఎరువు వేశాను, గోరుచిక్కుడు పెట్టాను. నీళ్ళకు కొదవ లేదు, పిల్లకాలువ ఇంటి వెనకే.

తీగలు నిజంగానే విరగబడి పెరిగాయి. ఆకులు చేటంత. సందెవేళకు తెల్లటి పూలు పందిరి మీద దీపాలు పెట్టినట్టు విచ్చుకునేవి. కొన్ని పూల వెనక బుజ్జి బుజ్జి పిందెలు, మెడతో సహా. లెక్కపెట్టుకుని మురిసిపోయాను. నాలుగో రోజుకు మొదటి పిందె పసుపు తిరిగింది. తర్వాత రెండోది. తర్వాత రోజుకు మూడు, నాలుగు. ఇంకా ఎరువు వేశాను, నీళ్ళు తగ్గించాను, నీళ్ళు పెంచాను, బూడిద చల్లాను. పిందెలు రాలుతూనే ఉన్నాయి. పక్కింటావిడ గోడ మీద మోచేతులు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది. "తులసమ్మ కళ్ళు తియ్యలే, కాయలు తీసింది" అని ఊరంతా చెప్పింది. మా చిన్నాయన అన్నం తింటూ "మీ సంఘంల సొరకాయ దండగ అని గూడ తీర్మానం చేసిన్రా ఏంది?" అన్నాడు. నాకు ఏడుపు ఒకటే తక్కువ. నేను ఓడిపోతే ఒక మనిషి ఓడినట్టు కాదు, దేవుడు గెలిచినట్టు. అంతకంటే భయం వేరే ఉంది. నాలుగు తీగల్లో రెండు అప్పటికే కొసలు వాడుతున్నాయి.

అవ్వ నెల తిరగకముందే వచ్చింది. మనవడు పుట్టాడని చక్కెర పంచి, మూట దించి, పెరట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"ఏందే పిల్లా, నున్నగ గొరిగి పెట్టినవ్?"

"అవన్నీ పూజ పూలు అవ్వా. బేకార్."

"చంద్రకాంత ఏ దేవునికి పెడ్తరే?"

అవ్వ తీగ కింద రాలిన పిందె ఒకటి తీసి చేతిలో దొర్లించింది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

"నా నెత్తిల పువ్వు వద్దన్నది ఊరు. సరే అన్న. పెరట్ల గూడ వద్దన్నది నువ్వు ఒక్కదానివే."

బియ్యం దుకాణం పైగదిలో వితంతువుల పూల గురించి నేను చేసిన ఉపన్యాసం మొత్తం ఒక్కసారిగా నాకు గుర్తొచ్చింది. దానికి కొట్టిన చప్పట్లు కూడా. ఇప్పటికీ ఎవరైనా నా ఉపన్యాసానికి గట్టిగా చప్పట్లు కొడితే నాకు కొంచెం అనుమానమే.

అప్పుడు అవ్వ కూర్చుని, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. దేవుడి ఊసు ఒక్కమాట రాలేదు. "కాయ గావాలంటే పనోళ్ళు రావాలె. గుమ్మడికి పొద్దటి పనోళ్ళు, తేనెటీగలు. సొర సందెల పూస్తది, దానికి సందెపురుగు రావాలె. అది మన ఒక్క తీగ కోసం వస్తదా? దారిల సద్ది ఉంటే వస్తది. చంద్రకాంత గూడ సందెకే పూస్తది, అదే సద్ది. అది తాగి, ఇది తాగి, పని చేసిపోతది. నువ్వు పనోళ్ళ సద్ది గిన్నెలు పారేసి, పని గాలేదు అంటున్నవ్."

సందెపురుగు అని అవ్వ అన్నది బూడిదరంగు రెక్కల పెద్ద పురుగు. గాలిలో నిలబడి పొడవాటి తొండంతో తేనె తాగుతుంది, రెక్కలు చిన్న రాట్నంలా చప్పుడు చేస్తాయి.

"ఇదివరకు పెరట్ల లేకున్నా బయట ఉండేటివి. ఇప్పుడేడున్నై? తంగేడు పాయె, తుమ్మ పాయె" అంది. నిజమే. కాలువ వచ్చాక యంత్రాలు పెట్టి మిట్టలు చదును చేశారు, గట్ల మీది పొదలన్నీ లేచిపోయాయి. కనుచూపు మేర వరి. పచ్చగా ఉంది, కడుపు నింపుతోంది, కానీ ఒక తేనెటీగకు గుక్కెడు తేనె లేదు. ఆ పచ్చదనం నడుమ మా పెరడు ఒక్కటే సద్ది పెట్టే ఇల్లుగా మిగిలింది. దాన్ని కూడా నేను మూసేశాను.

"ఇవన్నీ నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాను.

"ఎవరు చెప్తరు? కూసొని చూసిన. ఒక ఏడు చంద్రకాంత పెట్టిన, ఒక ఏడు పెట్టలే. తేడా కండ్లబడ్డది."

మా సంఘంలో ప్రయోగం, ప్రయోగం అని గొంతు చించుకునేవాళ్ళం. ఒక్కరమూ చేసినవాళ్ళం కాదు. తులసమ్మ శపించిందన్న పక్కింటావిడా, తులసి దండగన్న నేనూ, ఇద్దరం ఆ మొక్కను ఒక్క గంటసేపు కూర్చుని చూసిన పాపాన పోలేదు. ఇది చదివి "చూశారా, మన పెద్దలు చేసిందంతా విజ్ఞానమే" అని లేచేవారు దయచేసి కూర్చోండి. మా పెద్దలు చాలా తెలివితక్కువ పనులు చేశారు. మా అవ్వ ఒక్కతే చూసి చేసింది. ఆ తేడాయే నేను జీవితమంతా రాస్తున్నది.

కానీ ఆ సాయంత్రం చుట్టూ సద్ది పూలు లేవు, పురుగు లేదు, రెండు తీగలకే ప్రాణం ఉంది. అప్పుడు మా సైన్సు మాస్టరు మందార పువ్వు చీల్చి చూపించిన పాఠం నాకు పనికొచ్చింది. పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ మీద పూసింది మగపువ్వు అని అవ్వకు చెప్పాను. ఆ పుప్పొడి ఇక్కడ పడాలి, పురుగు చేసే పని అదే, మనం చేతితో చేయొచ్చు అన్నాను. అవ్వ నమ్మలేదు. నమ్మకపోయినా "చెయ్యి, చూస్త" అంది. సందె పడ్డాక మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాను. గుర్తుకని ఆ పిందె కాడకు పసుపు దారం ముక్క ఒకటి కట్టాను. ఇంట్లో దొరికిన దారం అదే.

అవ్వ కళ్ళు చికిలించి చూసింది. "మగపువ్వు, ఆడపువ్వు, పసుపు తాడు. తాళి దండగంటివి గదనే?"

"గుర్తుకు అవ్వా."

"మాకూ గుర్తుకే కడ్తరు. మంత్రాలు లేకుండ పెండ్లి చేస్తరంట మీ సంఘపోళ్ళు, ఇదేనా?"

పది సాయంత్రాలు పందిరి కింద మెడ పైకెత్తి నిలబడ్డాను. మెడ పట్టేసింది, దోమలు తిన్నాయి. దారం కట్టిన ఎనిమిదింటిలో మూడు నిలిచాయి. మొదటిది ఆకుపచ్చగానే ఉండి బొటనవేలంత అయిన రోజున అవ్వ దాన్ని ముట్టుకోకుండా, చుట్టూ చేయి తిప్పి చూసి, ఇంట్లోకి పోయి నాకు బెల్లం ముక్క తెచ్చి పెట్టింది. "పురుగు ఒక్క సందెల చేసే పని నీకు పది సందెలు పట్టింది. అయితేంది, చేసినవ్" అంది. అంతలో ఇంకో తమాషా జరిగింది. నేను మొదలంటా కోసిన చంద్రకాంతకు భూమిలో గడ్డ ఉంటుందని నాకు తెలియదు. వానకు అన్ని గుంజల దగ్గరా మళ్ళీ మొలిచింది. అది పూసిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నా చెవి పక్కనే రాట్నం తిరిగినట్టు చప్పుడైంది. అవ్వ నా భుజం పట్టి వెనక్కి లాగింది. "జరుగు. పనోడొచ్చిండు."

మూడు కాయల్లో ఒకటి విత్తనానికి వదిలేశాం. అది తీగ మీదే ముదిరి, ఎండి, చలికాలానికి గోధుమరంగు బుర్ర అయింది. అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. గలగలమంది. నాకు కూడా చెవి దగ్గర పెట్టి ఆడించింది. ఆ వారమే ఊళ్ళో ఐదిళ్ళకూ, గబ్బూరు మేనత్తకూ ఐదేసి గింజలు పంపింది. ఇక ఒక్క బుర్రను నమ్ముకోకూడదని ఆమెకూ తెలిసింది.

సుజాత మేడ మీద ఉన్న తీగ ఆ విత్తనమే. మేనత్త మనవడు నిరుడు గబ్బూరు నుంచి ఐదు గింజలు తెచ్చిచ్చాడు. షరతు వాళ్ళింట్లో ఇంకా నడుస్తోంది. ఇదంతా సుజాతకు చెప్పి చెప్పుతో సహా మేడ ఎక్కాను. ఆ పిల్ల ఫోన్లో చూసి తేనెటీగలకు మంచివని ఖరీదైన మొక్కలు తెప్పించింది. చలిదేశపు పేర్లు, చలిదేశపు ఒళ్ళు. రాయచూరు ఎండకు సగం మాడిపోయాయి. మిగిలిన కుండీల్లో నర్సరీవాళ్ళిచ్చిన పూలు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి, ఒక్క ఈగ లేదు. అవ్వ ఉంటే ఆ వరసంతా మేకకు వేసేది. చుట్టూ అన్నీ మేడలే, కింద సిమెంటు. పట్టణంలో ఒక పురుగు ఎగిరి రావాలంటే ఇప్పుడు దారిలో ఎన్ని సద్దులు కావాలో. అయినా నాకు దిగులు కలగలేదు. తులసి కుండీలో కొసలు తుంచకుండా పూతకు వదలమన్నాను. వంటింట్లో ధనియాలు గుప్పెడు తెచ్చి తనే చల్లింది. పక్క వీధి గోడ కింద ఎవరూ పెంచకుండా పెరిగిన చంద్రకాంత గడ్డలు నాలుగు మర్నాడు నేనే తవ్వుకొచ్చాను, ఈ వయసులో, చీర కుచ్చెళ్ళు దోపుకుని. అవి పూసేదాకా సాయంత్రాలు మగపువ్వు పట్టుకుని ఇద్దరం పందిరి కింద నిలబడుతున్నాం. దారం ఏ రంగుది కట్టాలో సుజాతను ఎంచుకోమన్నాను. పసుపే తెచ్చింది.

నిన్నటికి ఒక కాయ నిలిచింది. సన్నటి మెడ, కింద పొట్ట. నేను మేడ మెట్లు ఎక్కేసరికి మా తమ్ముడు దాని కింద నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, సొరకాయ పప్పంటే ప్రాణం. కాయను అరచేతిలోకి తీసుకుని గోరుతో గిచ్చి లేతదనం చూస్తున్నాడు. అది విత్తనానికి ఉంచిన కాయ.

చిన్నప్పుడు ఇదే విధంగా అవ్వ పందిరి కింద దొరికేవాడు. దేవుడి ఊసే ఎత్తనిదానివి, దిష్టికి చెప్పు ఎందుకు కట్టినవని ఆ ఏడాదే నేను అడిగితే అవ్వ చెప్పింది: "దిష్టికా? నీ తమ్మునికి. ఒక్కపారి దాంతోని తగిలిచ్చిన. ఇగ అది వేలాడేది చూస్తే తీగ దిక్కు రాడు."

నేను సుజాతను పిలిచి చెప్పు తెమ్మన్నాను. నా చేతులతో నేనే పందిరి కొయ్యకు, కాయ పక్కనే, తమ్ముడి కళ్ళకు ఎదురుగా కట్టాను. వాడు దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు, కాయ మీది చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేశాడు.